ఆఖరి పట్టు

దూఫీ వ్యాను మెకానిక్కులుండే సువామె సందులోకి తన కాళ్ళ మీద తాను రాలేదు. కలప లారీ వెనక తాడుతో కట్టించుకుని, తల వంచుకుని వచ్చింది. దాని వెనక అద్దం మీద 'నవ్వేవాళ్ళని నవ్వనీ' అని ఎర్ర అక్షరాలతో రాయించి ఉంటుంది. ఆ పూట నవ్వడానికి సందులో జనం బాగానే పోగయ్యారు.

పని నేర్చుకునే పోకువా అప్పుడు ఒక టాక్సీ కింద వెల్లకిలా పడుకుని సైలెన్సరు బిగిస్తోంది. అట్టముక్క మీద అలా పడుకున్నవాళ్ళకి లోకమంతా మోకాళ్ళ దాకానే ఉంటుంది. అందుకే కుమాసిలో మెకానిక్కులు మనుషుల్ని పాదాలను బట్టి గుర్తుపడతారు. ముందు డ్రైవరు అసారే రబ్బరు చెప్పులు వచ్చాయి, నేలకి రాసుకుంటూ, తప్పు చేసినవాడి నడకలాగా. వాటి వెనక పసుపు పట్టీల చెప్పులు వచ్చాయి. ఆ పాదాలు నేలమీద నడవడం లేదు, నేలని తిడుతున్నాయి. అవి దూఫీవి. టెచిమాన్ సంత నుంచి పెండలం దుంపలు తెచ్చి అమ్మే పెద్ద వ్యాపారి ఆవిడ. ఆవిడ గొంతు వింటే సంతలో బేరాలు వాటంతటవే దిగుతాయంటారు.

"ఫ్రింపాంగ్ ఎక్కడ? ఏమయ్యా ఫ్రింపాంగ్, మొన్న నూనె మార్చి పంపిస్తూ 'దేవుడితో వెళ్ళిరా' అన్నావు. దేవుడు టెచిమాన్ నుంచి తిరిగి ఇంటిదాకా రాలేదు. సగం దారిలోనే దిగిపోయాడు."

ఫ్రింపాంగ్ మేస్త్రీ రేకుల షెడ్డులోంచి బయటికి వచ్చాడు. పొడుగాటి మనిషి, గడ్డం నెరిసింది, నీలం చొక్కా జేబులో ఎప్పుడూ ఒక గుడ్డ ఉంటుంది. దూఫీని దాటుకుని వచ్చి అసారేని అడిగాడు.

"ఇంజను?"

"బతికే ఉంది మేస్త్రీ. ఎర్ర దీపం వెలగగానే ఆపేశాను. దిగి చూస్తే డ్రెయిన్ బోల్టు దగ్గర్నుంచి కారుతోంది. బట్టల సబ్బు పిసికి బోల్టు చుట్టూ అద్దాను. కాస్త దూరం నడిచింది. ఇంజను వేడెక్కేసరికి సబ్బూ పోయింది, నూనే పోయింది."

ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి ఉంటుంది కదా, చాంబరు అంటారు. పాత నూనె వంపడానికి దాని అడుగున ఒక కన్నం, ఆ కన్నానికి బిరడాలాగా ఒక బోల్టు. ఇంత బండికీ ప్రాణం ఆ బొటనవేలంత బోల్టు మీద ఉంటుంది. అది సరిగా కూర్చోకపోతే ఇంజను తన నెత్తురు తానే దారి పొడుగునా చిమ్ముకుంటూ పోతుంది.

"దుంపలన్నీ రోజంతా ఎండలో మగ్గాయి," అంది దూఫీ. "సంత అయిపోయింది. నాకు ఒక్క మాట చెప్పు చాలు. ఆ బోల్టు మీద పడ్డ చెయ్యి ఎవరిది?"

పోకువా టాక్సీ కింద నుంచి జరిగి లేచి కూర్చుంది. మేస్త్రీ జేబులోంచి గుడ్డ తీశాడు. చేతులు శుభ్రంగానే ఉన్నా తుడుచుకున్నాడు.

"బోల్టు బిగించింది పోకువా," అన్నాడు.

అది నిజమే. ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కానీ అది సగమే. మిగతా సగం కోసం పోకువా ఆయన మొహం వంక చూస్తూ కూర్చుంది. ఆయన గుడ్డని మడిచి, మళ్ళీ మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మిగతా సగం రాలేదు.

ఆ మిగతా సగం ఆ యార్డుకి వచ్చేపోయే వాళ్ళందరికీ తెలిసిందే. ఫ్రింపాంగ్ మేస్త్రీ యార్డులో ఏ బోల్టు ఎవరు బిగించినా సరే, బండి కదిలేముందు మేస్త్రీ వచ్చి పానా పట్టుకుని ఒక్క లాగు లాగాలి. దాన్ని ఆఖరి పట్టు అంటారు. ఆయనకి ఆయన గురువు నేర్పాడు, ఆయన గురువుకి ఇంకో గురువు. ఆ పట్టు పడ్డాక మేస్త్రీ బండి మీద అరచేత్తో చరిచి 'దేవుడితో వెళ్ళిరా' అంటాడు. ఆ చరుపు వినకుండా డ్రైవర్లు తాళం తిప్పరు. అది బిగింపు కాదు, దీవెన. దీవెనలో తప్పు ఉండొచ్చని ఎవరికి తడుతుంది?

"నేను ముందే అన్నాను," అన్నాడు పక్క షెడ్డు గోడకి ఆనుకున్న ఒకాయన. "ఆడపిల్ల భయానికి లాగుతుంది. ఊడిపోతుందేమో అని ఇంకాస్త, ఇంకాస్త. మర తెగేదాకా."

"మనవాళ్ళు ధైర్యంగా వదులు చేసి పంపిస్తారు, అదే తేడా," అంది దూఫీ అతని వైపు చూడకుండానే. కానీ ఆవిడ కోపం తగ్గలేదు. "శనివారం మళ్ళీ దుంపలకి వెళ్ళాలి. శనివారం ఈ బండి కింద కొత్త అట్ట పరుస్తాను. దాని మీద ఒక్క చుక్క పడితే, ఫ్రింపాంగ్, నా నాలుగు బళ్ళూ అవతలి సందుకి పోతాయి."

ఆవిడ పాదాలు వెళ్ళిపోయాక మేస్త్రీ షెడ్డు వైపు తిరిగాడు. వెనక్కి చూడకుండానే అన్నాడు.

"ఆదివారం సంగతి తర్వాత చూద్దాంలే, పోకువా."

ఆదివారం పోకువాకి విడుదల. పని నేర్చుకున్నవాళ్ళని గురువు పదిమంది ముందు నిలబెట్టి, దేవుణ్ణి తలచి, పెద్దల పేరు చెప్పి నేల మీద సారా వంపి, చేతికి ఒక పానా ఇచ్చి, నెత్తిన తెల్లటి పౌడరు కుమ్మరిస్తాడు. ఆ పౌడరు పడ్డవాళ్ళు స్వంత షెడ్డు వేసుకోవచ్చు. పడనివాళ్ళకి సువామెలో ఎవరూ సైకిలు కూడా అప్పగించరు. పోకువా తెల్ల గౌను కుట్టించుకుంది. మాంపాంగ్ నుంచి తల్లి బయల్దేరుతానని కబురు పెట్టింది. షెడ్డుకి చోటు కూడా చూసుకుంది, చివరి సందులో, టైర్ల వాళ్ళ పక్కన. పౌడరు డబ్బా ఆమె సంచీలోనే ఉంది, మూత విప్పకుండా.

*

మర్నాడు పొద్దున్నే పోకువా వ్యానుని జాకీతో ఎత్తి, కలప దిమ్మలు పెట్టి, కిందకి దూరింది. చాంబరు అంతా నల్లగా, దుమ్మూ నూనే కలిసి అట్టలు కట్టి ఉంది. నూనె కారే బండిని చూసిన ప్రతివాడూ బోల్టునే తిడతాడు. నిజానికి పైన మూత దగ్గర కారినా, పక్కన సీలు దగ్గర కారినా, నూనె మెల్లగా జారి అన్నిటికన్నా కిందున్న బోల్టు తల దగ్గరే చుక్క కడుతుంది. అందుకే ముందు కడగాలి, తర్వాత తిట్టాలి.

కిరసనాయిలుతో గుడ్డ తడిపి తుడిచింది. బ్రష్షుతో మూలలన్నీ గీకింది. మళ్ళీ పొడి గుడ్డతో తుడిచింది. చాంబరు లోహం తెల్లగా, కడిగిన సత్తు గిన్నెలాగా తేలింది. బోల్టు చుట్టూ మిగిలిన సబ్బుని గోటితో తీసింది. కారిందాని బదులు నూనె పోసింది. ఇక దాని మీద ఏదైనా తెల్లటి పొడి చల్లాలి, నూనె ఎక్కడ మొదలవుతుందో పొడి మీద గీత గీసి చూపిస్తుంది. మామూలుగా అయితే సుద్ద గుండ దంచుతారు. పోకువా సంచీ దగ్గరికి వెళ్ళి సుద్ద కోసం వెతికింది. చేతికి పౌడరు డబ్బా తగిలింది.

కాసేపు దాన్ని అలాగే పట్టుకుంది. ఆదివారమే లేనప్పుడు ఆదివారం పౌడరు ఎవరికోసం? మూత తిప్పి తీసింది. మల్లెపూల వాసన ఒకటి వచ్చింది, ఆ యార్డులో ఎవరూ ఎరగని వాసన.

వ్యాను కింద పడుకుని అరచేతిలో పౌడరు పోసుకుని ఉఫ్ మని ఊదింది. చాంబరంతా తెల్లబడింది. పక్కనున్న అడ్డకమ్మీ మీద కూడా మందంగా పడింది. ఆమె కనురెప్పల మీద కూడా. అసారేని పిలిచి ఇంజను స్టార్టు చేయమంది.

"ఏంటక్కా, బండికి పెళ్ళిచూపులా?" అన్నాడు అసారే వాసన పీల్చి.

"మాట్లాడకుండా తాళం తిప్పు."

ఇంజను వేడెక్కేదాకా పోకువా అలాగే చూస్తూ పడుకుంది. పైన మూత దగ్గర పౌడరు తెల్లగానే ఉంది. పక్క సీలు దగ్గరా తెల్లగానే ఉంది. బోల్టు చుట్టూ మాత్రం ముందు ఒక బూడిదరంగు ఉంగరం వచ్చింది. ఉంగరం నల్లబడింది. దాని అడుగున ఒక చుక్క ఊరి, ఆలోచించి, ఆమె భుజం పక్కన అట్ట మీద పడింది.

నూనె పట్టడానికి కింద డబ్బా పెట్టి బోల్టు విప్పింది. విప్పడానికి బలం అక్కర్లేకపోయింది, పాలపన్నులాగా వేళ్ళతోనే వచ్చేసింది. దాని మరల మధ్య మెరుస్తూ ఏదో చుట్టుకుని ఉంది. గోటితో లాగితే సన్నటి సత్తు తీగ, స్ప్రింగులాగా చుట్టలు చుట్టలుగా వచ్చింది. చాంబరు కన్నంలో ఉండాల్సిన మర అది. బోల్టు ఇనుము, చాంబరు సత్తు. రెండింటికీ బలపరీక్ష పెడితే ఓడిపోయేది ఎప్పుడూ సత్తే. కన్నం లోపలికి చిటికెన వేలు పెట్టి చూసింది. నున్నగా తగిలింది. వాషరు చూస్తే రేకులా నలిగిపోయి ఉంది.

ఈ లాగు తనది కాదు. తాను డ్రెయిన్ బోల్టు ఎప్పుడూ పొట్టి పానాతోనే బిగిస్తుంది, మణికట్టుతో, మోచెయ్యి కదలకుండా. వాషరు నలగడం మొదలైనప్పుడు పానాలో ఒక మెత్తదనం వస్తుంది, తర్వాత చిన్న ఆగు. అక్కడ వదిలేయాలి. ఆ ఆగు తెలియడం కోసమే ఇన్నేళ్ళూ పని నేర్చుకునేది. ఆమెకది నేర్పింది మేస్త్రీయే. మొదట్లో తన చేతి మీద చెయ్యి వేసి, "ఇదిగో, ఇక్కడ. బోల్టు 'చాలు' అంటోంది, విన్నావా?" అని అడిగేవాడు. విన్నానని అబద్ధం చెప్పేది. నిజంగా వినపడేదాకా ఆయన వదల్లేదు.

అలాంటి చెయ్యి ఇంత పని చేసిందంటే ఎలా నమ్మడం? కానీ మొన్న ఆఖరి పట్టు కోసం ఆయన ఈ వ్యాను కింద దూరినప్పుడు పోకువా బయట నిలబడి ఉంది. ఆయన పాదం ఒకటి వెనక చక్రానికి తన్ని పట్టి ఉండటం కళ్ళతో చూసింది. డ్రెయిన్ బోల్టుకి కాలు ఆసరా ఎవరు తీసుకుంటారు? అప్పుడు పట్టించుకోలేదు. దీవెన ఇచ్చేవాడి కాళ్ళెక్కడున్నాయో ఎవరు చూస్తారు?

సత్తు తీగని గుడ్డముక్కలో చుట్టి జేబులో వేసుకుంది.

లేతు మిషను పట్టే జాసి ఆ బోల్టు చూసి నవ్వాడు. "మీ యార్డు నుంచి ఈ మధ్య ఇవే వస్తున్నాయి కదే. గేరు పెట్టెదొకటి, టాక్సీలవి అయితే లెక్కలేదు. అక్కడ ఏనుగుని పెంచుతున్నారా?"

"ఏమంటున్నారు జనం?"

"ఏమంటారు, నీ పేరే అంటున్నారు. పోకువా చెయ్యి మోటు అని." బోల్టుని కొలిచి, దానికంటే కాస్త లావుగా కొత్తది తిప్పడం మొదలుపెట్టాడు. మిషను చప్పుడులో గొంతు పెంచి అడిగాడు. "నీది కాదా?"

పోకువా జేబులో చెయ్యి పెట్టుకుంది. ఆ తీగని తీసి జాసి బల్ల మీద పెడితే చాలు. మధ్యాహ్నానికల్లా సందు సందంతా తెలిసిపోతుంది. ఆమె పేరు కడిగినట్టయిపోతుంది. కానీ గురువు పేరు సందులో పడేసినదానికి ఏ గురువు విడుదల ఇస్తాడు? పైగా ఆయన చేతి కింద తన చెయ్యి ఉన్న రోజులు గుర్తొచ్చాయి.

"బోల్టు తిప్పు, అన్నా," అంది. "వాషరుకి రాగిది ఇవ్వు."

*

మేస్త్రీ భార్య అఫ్రియే యార్డు గేటు దగ్గరే గొడుగు వేసుకుని కెంకే అమ్ముతుంది. పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు ఆకుల్లో చుట్టి ఆవిరి పట్టినవి, పక్కన వేయించిన చేప, మిరపకాయ పచ్చడి. శుక్రవారం మధ్యాహ్నం బేరం పలచబడ్డాక పోకువా ఆవిడ పక్కన పీట లాక్కుని కూర్చుంది. ఆకు విప్పింది కానీ తినలేదు.

"చేప బాగాలేదా?" అంది అఫ్రియే.

"అమ్మా, మేస్త్రీ చేతికి ఏమైంది?"

అఫ్రియే ఈగల్ని తోలే గుడ్డ ఆపింది. మళ్ళీ తోలడం మొదలుపెట్టింది. "ఏమైంది? మీరు చెప్పండి, చేతులు మీ దగ్గరుంటాయి పొద్దస్తమానం."

పోకువా జేబులోంచి గుడ్డముక్క తీసి, విప్పి, ఆవిడ ఒళ్ళో పెట్టింది. సత్తు తీగ ఎండకి మెరిసింది. ముప్పై ఏళ్ళు మెకానిక్కుతో కాపురం చేసిన మనిషి. అదేమిటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

గొంతు తగ్గించి అంది.

"సజ్జ జావ గిన్నె పొయ్యి మీద నుంచి ఒట్టి చేతులతో దించుతాడు. నేను కెవ్వుమంటే అప్పుడు చూసుకుంటాడు. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. వేళ్ళు నిద్రపోయాయే అంటాడు. నిద్రే కదా, లేస్తాయిలే అంటాడు. ఆస్పత్రికి రమ్మంటే, బోల్టులు బిగించేవాడికి బోల్టే వైద్యం అంటాడు."

"ఎక్కడ ఆగాలో తెలీక, తెలిసేదాకా లాగుతున్నాడు."

"ఊఁ."

"ఆయనకి తెలుసా?"

అఫ్రియే తీగని మళ్ళీ గుడ్డలో చుట్టి పోకువా చేతిలో పెట్టి, ఆ చేతిని మూసి, అలాగే పట్టుకుంది. "నలుగురిలో అనకే తల్లీ. ఆ పట్టు పోతే ఆయన దగ్గర ఇంకేం మిగిలింది?"

"మరి నా దగ్గరేం మిగులుతుందమ్మా?"

ఆవిడ చెయ్యి వదల్లేదు. వదలకుండానే రెండో చేత్తో ఇంకో కెంకే ముద్ద తీసి పోకువా ఆకులో వేసింది.

*

శనివారం పొద్దుట పని మొదలుపెట్టేముందు పోకువా రాగి వాషరుని పట్టకారుతో పట్టి గ్యాసు మంటలో పెట్టింది. ఎర్రబడ్డాక నీళ్ళ డబ్బాలో వేసింది, చుయ్ మంది. ఇనుముకి అలా చేస్తే గట్టిపడుతుంది. రాగి అయితే మెత్తబడుతుంది, కొంచెం నొక్కగానే ఒదిగిపోతుంది. తర్వాత మర కోసే ట్యాపు పళ్ళ నిండా గ్రీజు పట్టించింది, కోసిన రజను చాంబరులో పడకుండా గ్రీజుకి అంటుకోవాలని. కన్నంలో నిలువుగా పెట్టి, సగం తిప్పు ముందుకి, కాస్త వెనక్కి. మళ్ళీ సగం ముందుకి, మళ్ళీ వెనక్కి. తొందరపడితే కన్నం వంకర పోతుంది. చెమట చెవుల్లోకి జారుతోంది. తీసి తుడిచి, మళ్ళీ గ్రీజు పట్టించి, మళ్ళీ పెట్టింది. చివరికి కొత్త మర కన్నం చుట్టూ పదునుగా తేలింది. కాస్త నూనె పోసి కడిగి వదిలింది. జాసి చేసిన కొత్త బోల్టు వేళ్ళతో ఎక్కిస్తే పట్టు కుదిరి, అడ్డం లేకుండా పైదాకా ఎక్కింది. పొట్టి పానాతో మణికట్టు తిప్పింది. మెత్తదనం వచ్చింది. ఆగు వచ్చింది. వదిలేసింది. కొత్త నూనె పోసింది.

ఇక మిగిలింది ఒక్కటే.

దూఫీ అన్నట్టే వచ్చింది, చంకలో కొత్త అట్ట పెట్టుకుని. సందులో పనులన్నీ వాటంతటవే ఆగాయి. జాసి కూడా లేతు మిషను ఆపి వచ్చాడు. అఫ్రియే గొడుగు కిందే కూర్చుంది కానీ ఆకులు చుట్టడం మానేసింది.

"అయిందా?" అంది దూఫీ.

"మేస్త్రీ పట్టు ఒకటి ఉంది," అన్నాడు అసారే. "అది పడితే వెళ్ళిపోవచ్చు."

ఫ్రింపాంగ్ షెడ్డులోంచి పొడుగు పానా పట్టుకుని వచ్చాడు. అది చూసి పోకువా తన పొట్టి పానాని జేబులో వేసుకుంది. ఆయన మోకాళ్ళ మీద వంగి, వెల్లకిలా తిరిగి, అట్ట మీద జరుగుతూ వ్యాను కిందకి వెళ్ళాడు. మామూలుగా అయితే ఆయన కింద ఉన్నప్పుడు ఇంకెవరూ దూరరు. పోకువా టార్చిలైటు తీసుకుని అటువైపు నుంచి తానూ దూరింది.

"లైటు చూపిస్తాను మేస్త్రీ," అంది.

ఇద్దరూ భుజం భుజం ఆనుకుని పడుకున్నారు. మొహాలకి జానెడు ఎత్తున చాంబరు. ఆయన ఊపిరి బరువుగా వినిపిస్తోంది. పానాని బోల్టు మీద పెట్టబోయాడు, తప్పింది. మళ్ళీ పెట్టాడు, కుదిరింది. వేళ్ళు పానా కాడ చుట్టూ మూసుకున్నాయి. చూపుడు వేలి మీద కాలిన బొబ్బ ఎండిపోయి తొక్క లేచి ఉంది. టార్చి వెలుగులో పోకువా దాన్నే చూస్తోంది. అప్పుడు ఆయన పాదం మెల్లగా జరిగి చక్రాన్ని వెతుక్కుంది. చక్రానికి ఆనింది. తన్ని పట్టింది.

ఇక లాగుతాడు. లాగితే కొత్త మర కూడా చుట్టలు చుట్టలుగా వస్తుంది. మధ్యాహ్నానికి దూఫీ అట్ట మీద చుక్క పడుతుంది. అందరూ మళ్ళీ తన వైపే చూస్తారు. తాను నోరు విప్పితే ఇక్కడి మాట అక్కడ నిలబడ్డ ప్రతి చెవికీ వినపడుతుంది.

పోకువా నోరు విప్పలేదు. టార్చి ఛాతీ మీద పెట్టుకుని, చెయ్యి ఎత్తి, ఆయన చేతి మీద వేసింది.

పని నేర్చుకునే మనిషి గురువు చేతిని ఆపడం ఆ సందులో ఎవరూ చూడలేదు, వినలేదు. ఆయన మెడ తిప్పి ఆమె వైపు చూశాడు. కళ్ళు అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ముందు వాటిలో కోపమే వచ్చింది. చెంప పగులుతుందనుకుంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"కూర్చుంది మేస్త్రీ," అంది, ఊపిరితో. "బోల్టు 'చాలు' అంటోంది."

బయట పసుపు పట్టీల చెప్పులు అటూ ఇటూ కదిలాయి. "ఏమయ్యా, అయిందా? కింద కాపురం పెట్టారా?"

"ఆగమ్మా," అన్నాడు ఆయన బయటికి. గొంతు మామూలుగానే ఉంది. ఆమె అరచేతి కింద ఆయన చెయ్యి బిగిసే ఉంది. ఆ బిగింపు ఆయనకి తెలుస్తోందో లేదో కూడా ఆమెకి తెలీదు.

"నాకు వినపడటం లేదే," అన్నాడు చివరికి. ఆ మాట ఆమె చెవికి మాత్రమే చేరింది. "ఎన్నాళ్ళనుంచో వినపడటం లేదు."

చక్రం మీది పాదం వదులైంది. జారి నేల మీదికి వచ్చింది. ఆయన పొడుగు పానాని బోల్టు మీద నుంచి తీసి పక్కన పెట్టాడు.

"నీ పొట్టిది పెట్టు."

పెట్టింది.

"చూడు."

మణికట్టు కాస్త తిప్పి చూసింది. ఆగు అక్కడే ఉంది, వదిలిన చోటే.

"ఆగిందా?"

"ఆగింది మేస్త్రీ."

ఆయన తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అడ్డకమ్మీ మీద మందంగా మిగిలిన పౌడరు కనిపించింది. చెయ్యి చాచి దాన్ని వేళ్ళతో తుడిచాడు. వేళ్ళకి అంటిందో లేదో తాకి తెలుసుకోలేడు కాబట్టి టార్చి వెలుగులో పెట్టి చూసుకున్నాడు. అంటింది. దాన్ని ఆమె నుదుటి మీద పామాడు, చెంపల మీద పామాడు. పౌడరు, నూనె, కాలిన బొబ్బ అన్నీ కలిసి గరుగ్గా తగిలాయి ఆమెకి.

బయటికి ముందు ఆయన వచ్చాడు. తర్వాత పోకువా వచ్చి లేచి నిలబడింది. సందులో అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. కోర్టులో గెలిచి వచ్చినవాళ్ళ మొహాల మీద, పని నేర్చుకుని గురువు దగ్గర విడుదలైనవాళ్ళ మొహాల మీద తప్ప తెల్లటి పౌడరు అలా ఎవరికీ ఉండదు.

"ఆఖరి పట్టు పోకువాది," అన్నాడు ఫ్రింపాంగ్. జేబులోంచి గుడ్డ తీశాడు కానీ చేతులు తుడుచుకోలేదు, అలాగే పట్టుకున్నాడు.

దూఫీ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "మరి మొన్నటిది?"

పోకువా నేల వంక చూసింది. గొడుగు కింద అఫ్రియే లేచి నిలబడింది.

"మొన్నటిది నాది," అన్నాడు ఆయన. "టాక్సీలవీ నావే. జాసీ, నువ్వు మళ్ళీ తిప్పిచ్చిన బోల్టులన్నీ నా చేతివే."

గోడకి ఆనుకునే ఆ పక్క షెడ్డు ఆయన గోడని వదిలి తన పని ఏదో గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు.

"అసారే," అంది దూఫీ, "నోరు తెరుచుకుని చూస్తావేం? ఒఫిన్సో దాకా వెళ్ళి తిరిగి రా."

అసారే డ్రైవరు సీటులో కూర్చున్నాడు. తాళం మీద చెయ్యి వేసి ఆగాడు. బండి మీద చరుపు పడలేదింకా. మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ పోకువా వైపు చూశాడు. పోకువా వ్యాను తలుపు మీద అరచేత్తో చరిచింది. అనుకున్నదానికంటే గట్టిగా మోగింది.

"దేవుడితో వెళ్ళిరా," అంది.

వ్యాను తిరిగి వచ్చేదాకా దూఫీ వెళ్ళలేదు. వచ్చాక ఇంజను ఆడుతుండగానే తన అట్టని తానే వంగి కింద పరిచింది. పీట తెప్పించుకుని కూర్చుని, దాన్నే చూస్తూ రెండు కెంకే ముద్దలు తినేసింది. ఇంజను ఆపించింది. చల్లారనిచ్చింది. చివరికి అట్టని బయటికి లాగి, ఈ వైపు చూసి, ఆ వైపు తిప్పి చూసి, తిట్టడానికి ఏమీ దొరక్క దానితోనే విసురుకోవడం మొదలుపెట్టింది.

"సగం పౌడరే వేశావేంటయ్యా పిల్లకి," అంది ఫ్రింపాంగ్‌తో. "మిగతాది రేపటికా?"

"రేపటికే," అన్నాడు ఆయన.

అఫ్రియే ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళూ సబ్బూ తెచ్చి పోకువా ముందు పెట్టింది. ముందు భర్త చేతులు కడిగింది, ఒక్కో వేలూ విడదీసి, కాలిన చోట నెమ్మదిగా. తర్వాత పోకువా కడుక్కుంది. నూనె మరక పోయేలా గోళ్ళ సందులు రుద్దుకుంది, మోచేతుల దాకా నీళ్ళు పోసుకుంది. తుడుచుకుని, ఆకు విప్పి, తినడానికి కూర్చుంది.

మొహం మాత్రం కడుక్కోలేదు.